కిటికీ పక్కన మంచం

దర్జీ పొద్దున్నే షాపు తెరిచి ముందు టీవీ పెట్టేవాడు, ఆ తర్వాతే మిషను మీద కప్పిన గుడ్డ తీసేవాడు. మొదటి చొక్కాకి కాలరు పడేసరికి ఆయన కుడి చెవిలో ఒక పసుప్పచ్చ పువ్వు విచ్చుకునేది. ఆయన చూసే ఛానల్‌కి పసుపు పూలు. ఎదురుగా మందుల షాపతను చూసే ఛానల్‌కి ఊదా పూలు.

లేనిది ఉన్నట్టు విని నమ్మితే ఆ ఊళ్ళో ఎవరికైనా చెవిలో పువ్వు పూస్తుంది. జలుబు చేస్తే ముక్కు కారినట్టే, అందులో వింతేమీ లేదు. చిక్కల్లా ఎక్కడంటే, ఎవరి చెవి వాళ్ళకి కనపడదు. దర్జీ మందుల షాపతని ఊదా పూలు చూసి పగలబడి నవ్వేవాడు, అతను ఈయన పసుపు పూలు చూసి నవ్వేవాడు. పువ్వు పూయని రోజున మాత్రం ఇద్దరికీ చెవి ఒకటే దురద. వెంటనే ఛానల్ మార్చేసేవాళ్ళు. ఛానళ్ళవాళ్ళూ వ్యాపారస్థులే కదా, దురద పుట్టించే వార్తలు చెప్పడం ఎప్పుడో మానేశారు.

దర్జీకి రెండు కిడ్నీలూ పోయాయి. మంగళవారం, శుక్రవారం పెద్దాసుపత్రి డయాలసిస్ వార్డులో, కిటికీ పక్కన మంచం మీద పడుకుంటే మిషను ఆయన రక్తాన్ని కడిగి పంపేది. కూతురు ఆ వార్డులోనే నర్సు. ఆమె చెవులు బోసిగా ఉండేవి. "పాపం, చదువుకుంది గానీ లోకజ్ఞానం లేదు" అని వీధిలో వాళ్ళు జాలిపడేవాళ్ళు.

ఆ ఏడాది ఎన్నికల్లో తేలాల్సింది ఆ వార్డు సంగతే. ఒక అభ్యర్థి వార్డు ఉంచుతానన్నాడు. ఇంకొకడు దాన్ని మూసేసి, ఆ స్థలంలో కార్లు నిలిపే అంతస్తులు కడతానన్నాడు. పసుపు ఛానల్ పొద్దస్తమానం ఒకటే బొమ్మ చూపించింది. వరసగా ఖాళీ మంచాలు.

"చూశావా అమ్మా, పడుకునేవాడు లేని మంచాలకి మన డబ్బు ఎలా తగలేస్తున్నారో!" అన్నాడు దర్జీ.

"అది ఆదివారం తీసింది నాన్నా. ఆదివారం వార్డుకి సెలవు. ఆ కిటికీ పక్కన మంచం నీదే."

"నాదెలా అవుతుంది? నా మంచం మీద నేనుంటాను కదా."

"ఆ దిండు చూడు. నువ్వు కుట్టుకుని తెచ్చుకున్న గళ్ళ గలీబు కాదూ?"

దర్జీ లేచి టీవీకి ముక్కు ఆనేంత దగ్గరగా వెళ్ళి చూశాడు. తన కుట్టు తనకి తెలియకపోతుందా! చెవిలో పువ్వు రేకులు ముడుచుకున్నాయి.

"కుట్టు నాదే," అన్నాడు. "అంటే నా గలీబు కూడా కాజేసి అక్కడ తొడిగారన్నమాట. దొంగ వెధవలు!"

పువ్వు మళ్ళీ విచ్చుకుంది, పక్కనే ఇంకో మొగ్గ వేసింది.

"రోజూ అక్కడ పనిచేసేది నేను నాన్నా. నా మాట వినవా?"

"అక్కడే ఉంటావు కాబట్టే నీకు తెలీదు. లోపలున్నవాళ్ళకి బయట సంగతులేం తెలుస్తాయి?"

ఆమె ఆయన్ని సెలూన్‌కి తీసుకెళ్ళింది. అక్కడి కత్తెరన్న తన చెవుల్లో ఒక పసుపు పువ్వు, ఒక ఊదా పువ్వు ఉంచుకునేవాడు, గిరాకీ చెడకుండా.

"వేరుతో సహా పీకెయ్యన్నా," అంది.

"పీకితే రేపటికి రెండు పూస్తాయమ్మా. వారం వారం కత్తిరించి పంపడమే నా చేతిలో ఉంది," అన్నాడు కత్తెరన్న.

ఓటింగ్ మంగళవారం పడింది. దర్జీ ఓటేసి అటునుంచి అటే వార్డుకి వచ్చి, కిటికీ పక్కన మంచం మీద, గళ్ళ గలీబు దిండు మీద తల వాల్చాడు. సిరా గుర్తున్న చెయ్యే సూదికి చాపాడు.

"ఆ దండగమారి వార్డు మూయించేవాళ్ళకే గుద్దానమ్మా," అన్నాడు సంతోషంగా.

ఆమె సూది గుచ్చింది. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ మింగి మిషను ఆన్ చేసింది. చుట్టూ మంచాల మీద ఉన్నవాళ్ళకి కూడా చెవులనిండా పూలే.

వార్డు మూసేశారు. ఇంకో మిషను ఉన్న ఊరు బస్సులో సగం రోజు దూరం. బస్సు మెట్లు ఎక్కగలిగినంత కాలం కూతురు ఆయన్ని తీసుకెళ్ళింది. తర్వాత కాళ్ళు వాచాయి, ముఖం వాచింది, పడుకుంటే ఊపిరాడలేదు. కూతురు ఆయన వీపు వెనక దిళ్ళు పేర్చి కూర్చోబెట్టింది. మోత భరించలేను, టీవీ ఆపెయ్యమని ఆయనే అడిగాడు. అప్పటికి ఛానల్ వార్డు మాటే మర్చిపోయి ఇంకేదో చెబుతోంది.

టీవీ ఆగాక పూలు వాడి, ఒక్కొక్కటే దిండు మీద రాలాయి. ఒక మధ్యాహ్నానికి ఆయన చెవులు చంటిపిల్లాడి చెవుల్లా బోసిపోయాయి.

"అమ్మా, టీవీలో చూపించింది నా మంచమే కదూ?" అన్నాడు.

"అవును నాన్నా."

"నా చేత్తో నేనే..."

ఆమె ఆ చెయ్యి పట్టుకుంది. సిరా గుర్తు ఎప్పుడో పోయింది.

"ఇప్పుడా మంచం ఏం చేశారమ్మా?"

మంచాలన్నీ పాతసామాన్ల వాడికి అమ్మేశారు. గోడ కూడా పడగొట్టారు, ఇప్పుడక్కడ కిటికీయే లేదు. పుట్టి బుద్ధెరిగి ఆమె తండ్రికి అబద్ధం చెప్పలేదు. అందుకేనేమో, ఆయన ఆమె మాట ఒక్కటీ నమ్మలేదు.

"అలాగే ఉంచారు నాన్నా. అందరూ గొడవ చేస్తే వార్డు మళ్ళీ తెరుస్తున్నారు. నీ మంచం కిటికీ పక్కనే వేశారు. మంగళవారం వెళ్దాం."

ఆయన ఆమె వంక చూశాడు. "మంగళవారమా? గలీబు ఉతికి పెట్టమ్మా అయితే," అన్నాడు. ఆయన కుడి చెవిలో చిన్న తెల్ల పువ్వు విచ్చుకుంది.

మంగళవారం దాకా ఆయన ఉండలేదు.

చివరిసారి గడ్డం గీయడానికి కత్తెరన్న ఇంటికి వచ్చాడు. పని ముగించి, అలవాటుగా చెవి దగ్గర కత్తెర పెట్టి ఆగాడు.

"ఈ రంగు నేనెప్పుడూ చూళ్ళేదమ్మా. ఏ ఛానల్‌ది?"

"అది ఉండనీ అన్నా," అంది ఆమె. "ఆ పువ్వు నేను పెట్టింది."