కుడికంటిలో చిత్రావతి

ముందు మసక.

కొండమీద మబ్బు దిగినట్టు దిగింది — పైనుంచి కిందికి, మెల్లగా, నొప్పన్నది లేకుండా.

ఎదురుగా కూర్చున్న పుల్లమ్మ నుదురు పోయింది. కళ్లు పోయాయి. గడ్డం పోయింది. బూడిద అంటిన వేళ్లు ఒక్క క్షణం మిగిలి, అవీ పోయాయి.

ఆదిలక్ష్మమ్మ రెప్పలాడించింది.

మబ్బు కదల్లేదు...

ధర్మవరంలో ఒక ఇరుకు మగ్గం ఇల్లు. పొద్దున పదిగంటలు. ఇద్దరు ముసలమ్మలూ అచ్చు అతుకుతున్నారు. నేత ముగిసిన పాత పడుగు కొసలకు కొత్త పడుగు కొసలను వేళ్లకు బూడిద అద్దుకుని ఒక్కొక్క పట్టుపోగుగా మెలిపెట్టి కలపడం. నాలుగు వేల పైచిలుకు పోగులు. చెరి సగం.

ఎవరు పట్టిన సగం వాళ్లే ముగించాలి. చెయ్యి మారితే మెలి మారుతుంది. మెలి మారితే నేతలో పోగు జారుతుంది. ముప్పై ఏళ్లలో ఆమె సగంలో లేచింది లేదు.

ఇంకా ఆరువందల పోగులున్నాయి.

ఆమె లేవలేదు. చెప్పలేదు.

ఎడమకన్ను చిన్ననాడే అమ్మవారు పోసినప్పుడు పోయింది. వెలుగూ నీడా తప్ప దానికేమీ పట్టదు. చూపంటే కుడికన్నే. నలభై ఏళ్ల వయసులో, పడుగు కింద పరిచిన పాత పేపర్ల మీద అక్షరాలు కూడబలుక్కున్నది ఆ కంటితోనే. దూరమైనవాళ్ల ఉత్తరాలు ఒకరిచేత చదివించుకోకుండా తానే చదువుకున్నది ఆ కంటితోనే.

ఇప్పుడు అదీ పోతోందా?

వేళ్లు తడుముకుంటూ పోయాయి. ఒక పోగు. ఇంకో పోగు. ఇంకో పోగు...

ఆఖరి మెలి పడేసరికి గంటన్నర దాటింది.

ఎవరో టీ తెచ్చి కుడిపక్కన పెట్టారు. ఆమె చెయ్యి తగిలి గ్లాసు పడిపోయింది.

"ఏమ్మే, కండ్ల ముందరే ఉండాది గదా, అగపడలేదా?" అంది పుల్లమ్మ.

అప్పుడు చెప్పింది. పుల్లమ్మ చాలాసేపు తిట్టింది. తిడుతూనే చెప్పులు వెతికి తెచ్చింది. తిడుతూనే హిందూపురంలో ఉన్న ఆదిలక్ష్మమ్మ కూతురు యమునకు ఫోన్ చేసింది.

"పోగు తెగితే మళ్లా అతుకుతావు. కన్ను తెగితే ఎవురతకాల?"

మధ్యాహ్నం రైలు. కిటికీ పక్క సీటు. పక్కన పుల్లమ్మ.

ఆదిలక్ష్మమ్మ ఎడమకన్ను అరచేత్తో మూసుకుంది. చీకటి. తీసింది. మళ్లీ మూసింది. చీకటి.

పెనుకొండ దగ్గర పడుతుండగా మరోసారి మూసింది.

అడుగున... ఒక సన్నని వెలుగు.

ఇసుకలో నీటి చెమ్మ ఊరినట్టు. కొండ అంచు. అంచు మాత్రమే. కొండ లేదు. ఆమె చూపుతో ఆ అంచును పట్టుకుంది. స్టేషను వచ్చింది, పోయింది. అంచు పోలేదు.

హిందూపురం కంటి ఆసుపత్రిలో యమున ముందే టోకెన్ తీసుకుని నిలబడి ఉంది. డాక్టర్ ప్రేమలత చిన్నపిల్ల. కంట్లోకి చాలాసేపు చూసింది. రక్తనాళంలో చిన్న రక్తపు గడ్డ అడ్డం పడిందని, తర్వాత తనంతట తనే కదిలిందని చెప్పింది. రక్తం తిరిగొచ్చిందట. ఆలస్యంగా వచ్చిందట. కన్ను మసకబారిన నిమిషమే లేచి రావాల్సిందట. గుండెకూ మెడకూ పరీక్షలు ఈరోజే చేయించాలట.

"అవ్వా, రక్తం ఆగినప్పుడు రెటీనా — కంటి లోపలి పొర — కొంత చెడుతుంది. తిరిగొచ్చినప్పుడు కూడా కొంత చెడుతుంది. దాని నడుమ వాచింది."

యమున అమ్మ భుజం పట్టుకుంది. ఆదిలక్ష్మమ్మ మాత్రం తలూపింది. ఆమెకు ఊరి పక్క చిత్రావతి ఏరు తెలుసు. ఏళ్లకేళ్లు ఇసుక. ఒకనాడు ఉన్నట్టుండి నీళ్లు.

"ఏరు గూడా అంతే తల్లీ. ముందొచ్చే నీళ్లు గట్లు కోసుకపోతాయి."

"తర్వాత?" డాక్టరు రాస్తూనే అడిగింది.

"తర్వాత పచ్చిక మొలస్తాది. అన్ని తావులా గాదు."

డాక్టరు రాస్తున్న పెన్ను ఆపింది. అంతే అవ్వా, అంది. కొన్ని కణాలు లేస్తాయి, కొన్ని లేవవు, ఏవి లేస్తాయో ఈరోజు ఎవరూ చెప్పలేరు, అంది.

ఎవరూ చెప్పలేరు.

ఆ మాటను ఆమె కొంగున ముడేసుకుంది. లేదు అనలేదు కదా.

మూడోరోజు సాయంత్రం తిరుగు రైలు. యమున ప్లాట్‌ఫారం మీద, కిటికీకి అవతల. మాత్రలు ఏ వేళకు ఏవో మూడోసారి చెబుతోంది. లోపల పుల్లమ్మ తాను చెవిటిదాన్ని కాదంటోంది.

రైలు కదిలింది.

రైలు కదిలితే ఆదిలక్ష్మమ్మ తల తిప్పేసుకుంటుంది. ఎప్పుడూ అంతే. చెల్లెలు వెళ్లినప్పుడు చూడలేదు. మొగుడు నరసప్ప పనికని బెంగుళూరు వెళ్లిననాడు చూడలేదు. చూడకపోతే వెళ్లనట్టే అనుకుంది. ఇద్దరూ తిరిగి రాలేదు.

ఈరోజు తిప్పలేదు.

ఎడమకన్ను అరచేత్తో మూసుకుంది. కుడికన్ను విప్పార్చింది.

నడుమంతా మబ్బే. యమున ముఖం ఉండాల్సిన చోట బూడిదరంగు. కానీ ఆ మబ్బు అంచున, పైకీ కిందికీ, పైకీ కిందికీ... ఒక చెయ్యి.

ఐదు వేళ్లు. ఆమె లెక్కపెట్టింది.

"అగపడతాండాదా?" పుల్లమ్మ అడిగింది.

ఆదిలక్ష్మమ్మ చూస్తోంది.

మబ్బు ఇంకా ఉంది.

దాని అంచు — కొద్దిగా, కొద్దిగా — కదులుతున్నట్టుంది...