లాగి వదిలే చేతులు

నేను ఒక నిలువుకోత రంపాన్ని. ఇప్పుడు పాత ఇనుము కొట్లో, చక్రాలు ఊడిన సైకిళ్ల కింద పడి ఉన్నాను. కొనేవాడు లేడు, కరిగించేవాడికి తీరిక లేదు. కాస్త వినే ఓపిక ఉంటే మీకే చెబుతాను.

రాజమండ్రి కమ్మరి ఒకడు నన్ను కాల్చి, సాగగొట్టి, ఆకురాయితో పళ్లు తీసి, రెండు కొసలా రెండు పిడులు పెట్టాడు. గోదావరి ఒడ్డున కలప అడితిలో నా పని. గొయ్యి మీద దుంగ పెడతారు. ఒకడు దుంగ మీద నిలబడతాడు, ఒకడు గొయ్యిలోకి దిగుతాడు. పైవాడు పైకి లాగాలి, కిందివాడు కిందికి లాగాలి. ఎవడూ తొయ్యకూడదు. తన లాగుడు అయ్యాక చెయ్యి వదులు చేసి, అవతలివాడి వంతు అయ్యేదాకా ఊరుకోవాలి. ఇంత చిన్న సంగతి మనుషుల బుర్రకెక్కదు. నన్ను మొదట కొన్న అన్నదమ్ములు తోసి తోసి నా నడుం వంచి, అడితి షావుకారుకు అమ్మేసి, వేరుపడ్డారు.

ఆ తర్వాత నన్ను పట్టిన జంట జకరయ్య, గిద్యోను. చిన్ననాటి స్నేహితులు, ఒకే చర్చి. జకరయ్య పైన, గిద్యోను కింద.

"ఏంట్రా, రంపప్పొట్టంతా నా మీదే పోస్తన్నావు? కళ్లనుకున్నావా, చాటలనుకున్నావా?" అని గొయ్యిలోంచి గిద్యోను తిట్టేవాడు.

"నోరు మూసుకుంటే నోట్లోనన్నా పడదు గదరా," అనేవాడు జకరయ్య.

మధ్యాహ్నం గిద్యోను భార్య దీనమ్మ ఇద్దరికీ అన్నం తెచ్చి, గొయ్యి అంచున కూచుని సన్నగా కీర్తన పాడేది. ఆ పాట ఇప్పటికీ నా ఉక్కులో ఉంది. గాలి తగిలితే వినిపిస్తుంది. నమ్మకపోతే పోండి.

వరదల్లో ఆమెకు జ్వరం వచ్చింది. ఆసుపత్రి ఏటికి అవతల. పడవ నడపాలంటే ఇద్దరు కావాలి. గిద్యోను పరిగెత్తుకొచ్చి దుంగ మీదున్న జకరయ్య కాళ్లు పట్టుకున్నాడు.

"ఒరేయ్, రారా. దాని ఒళ్లు కాలిపోతంది."

జకరయ్య ఏటివైపు చూశాడు. "ఓపిక పట్టరా. ప్రార్థన చేద్దాం. గాలి తగ్గాక ఎల్దాం."

గాలి తగ్గింది. అప్పటికి దీనమ్మ లేదు.

మా అడితిలో కోతగాడి ఇంట చావొస్తే, శవపెట్టెకు చెక్క ఆ జంటే కొయ్యాలి. షావుకారు మామిడి దుంగ ఇచ్చాడు. సగం కోశాక నా కింది పిడి ఆగిపోయింది.

"ఓపిక పట్టమన్నావు గదరా," అన్నాడు గిద్యోను. అరవలేదు. గొయ్యి ఎక్కి వెళ్లిపోయాడు. చెక్క వేరేవాళ్లు వేరే రంపంతో కోశారు. నేను ఆ దుంగలోనే ఇరుక్కుని ఉండిపోయాను.

జకరయ్య రోజూ వచ్చి ఆ దుంగ మీద కూచునేవాడు. వేరే జోడీ వద్దన్నాడు. "ఏం జకరయ్యా, దీనమ్మ అన్నం తెస్తదనా?" అని తోటివాళ్లు ఎగతాళి చేశారు. కింద వేలాడే పిడి గాలికి కదిలినప్పుడల్లా అతను ఉలిక్కిపడి గొయ్యిలోకి వంగి చూసేవాడు.

వాళ్ల చర్చిలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. నీ మీద ఎవరికైనా కోపం ఉంటే ముందు వాళ్లతో సమాధానపడి, ఆ తర్వాతే చెయ్యి చాపాలి. జకరయ్య చాపడం మానేశాడు. పాస్టరుగారు అడితికే వచ్చారు.

"నీ మనసులో ఏమీ లేదు గదయ్యా, తీసుకో."

"ఆడి మనసులో ఉందండి."

"నీ ఓర్పు చూసి సంఘమంతా మెచ్చుకుంటోంది."

ఆ మాటకు జకరయ్య చెంపదెబ్బ తిన్నవాడిలా తల దించుకున్నాడు.

ఒకనాడు గిద్యోను వచ్చి గొయ్యి అంచున నిలబడ్డాడు.

"ఎన్నాళ్లు కూచుంటావు?"

"నువ్వు దిగేదాకా."

"నేను దిగాలంటే నువ్వొక మాట చెప్పాలి."



"భయమేసిందిరా," అన్నాడు జకరయ్య. "ప్రార్థనా కాదు, గీర్థనా కాదు. ఏరు చూసి భయమేసింది. దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నా."

"మీ అయ్య మునిగిపోయిన కాణ్ణుంచీ నీకు ఏరంటే దడని నాకు తెలవదా? నీ నోటితో చెప్తావని చూస్తన్నా."

సంఘమంతా జకరయ్య ఓర్పు గురించే చెప్పుకుంది. నోరు తెరిచి నలుగురిలో పరువు తియ్యకుండా, మిత్రుడి వంతు వచ్చేదాకా ఊరుకున్న ఈ నోటిదురుసు గిద్యోనును ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు.

"క్షమించావా?"

"లేదు. రేపు రా."

నన్ను ఊడబీకి వేరే దుంగకు పెట్టారు. కళ్లలో పొట్టు పడినా గిద్యోను తిట్టేవాడు కాదు. ఆ మౌనానికి నా పళ్లు జివ్వుమనేవి. మధ్యాహ్నమయ్యేసరికి ఇద్దరూ చేతులు ఆపి గొయ్యి అంచుకేసి చూసేవాళ్లు. అక్కడెవరూ ఉండరు. ఆ మామిడి దుంగను ఎవరూ ముట్టుకోలేదు, చెదలు తిన్నాయి. సాయంత్రం చేతులు కడుక్కుంటూ గిద్యోను ఒక్కటే మాట అనేవాడు: "రేపు రా."

ఒక శనివారం ఆ మాట అనలేదు. తువ్వాలు భుజానేసుకుని నడిచాడు. జకరయ్య నా పిడి పట్టుకుని వాడి వీపుకేసే చూశాడు. అడితి గేటు దగ్గర గిద్యోను ఆగాడు.

"ఏరా, రేపు మొదటాదివారం గదా. నా పక్కన కూచో. చెయ్యి చాపకపోయావో, నేనే పట్టుకుని చాపిస్తా."

జకరయ్య నన్ను మేకుకు తగిలించబోయాడు. తప్పింది. మళ్లీ తప్పింది. చివరికి నన్ను నేల మీదే పడుకోబెట్టి, వాడి వెనకాల పరిగెత్తాడు.