పెద్దన్న అమ్మిన రికార్డు ప్లేయర్

"మనలో ఒక్కడి మీద చెయ్యి పడినా మొత్తం ఫ్యాక్టరీ ఆగిపోతుంది. ఇది నా మాట."

అట్టపెట్టెల ఫ్యాక్టరీ గేటు ముందు స్టూలెక్కి యూనియన్ అధ్యక్షుడు ఈ మాట అన్నప్పుడు అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టినవాడు కటింగ్ సెక్షన్ యువకుడు. తోటివాళ్ళు అతన్ని వెక్కిరింతగా కామ్రేడ్ అనేవాళ్ళు. అధ్యక్షుణ్ణి మాత్రం అందరూ పెద్దన్న అనేవాళ్ళు. కామ్రేడ్‌కు పుస్తకాలిచ్చిందీ, వాటిలోని నినాదాలు నోటికెక్కించిందీ ఆయనే.

ఏడాది తిరక్కముందే కటింగ్ సెక్షన్ తీసేస్తున్నామని యాజమాన్యం చెప్పింది. సోమవారం రాజీనామా మీద ముందు నువ్వు సంతకం పెట్టు తమ్ముడూ, మూడు నెలల్లో పోరాడి ఉద్యోగాలు వెనక్కి తెచ్చుకుందాం, ఇదంతా వ్యూహం అని పెద్దన్న నచ్చజెప్పాడు. కామ్రేడ్ సరేనన్నాడు.

ఇంట్లో కూర్చునే మూడు నెలలకు పాటలైనా తోడుంటాయని ఆదివారం పొద్దున్నే పాత సామాన్ల కొట్టుకు వెళ్ళాడు. రికార్డు ప్లేయర్ కొనడం అతనికిదే మొదలు. కొట్టు నడిపే సూదుల తాత ఓపిగ్గా నేర్పాడు. పళ్ళెం వేలితో తిప్పి చూడాలి, ఊగకూడదు. బెల్టు సాగితే మార్చుకోవచ్చు. సూది మాత్రం కొత్తదే వేయించుకోవాలి, పాతది రికార్డును గీరేస్తుంది.

"ఇక ఇంటి మాటలు చూసుకో," అన్నాడు.

పాత ప్లేయర్లు తామున్న గదిలో మాటల్ని దాచుకుంటాయి. రికార్డు పెట్టకుండా తిప్పితే అన్నీ బయటికొస్తాయి, కాసేపు తిప్పినంత మాత్రాన చెరిగిపోవు. అందుకే అమ్మేవాళ్ళు ఒక పూటంతా ఖాళీగా తిప్పి, కక్కించాకే కొట్టుకు తెస్తారు. బద్ధకస్తులు అలాగే తెచ్చేస్తారు.

మొదటిది పళ్ళ డాక్టరుగారిది. ఇంకాస్త నోరు తెరవండి అనడం తప్ప అందులో మరేం లేదు. రెండోదాని నిండా మొగుడూ పెళ్ళాల పోట్లాట. "నీకింకా పెళ్ళి కాలేదుగా, ఇప్పట్నుంచే ఎందుకులే," అని తాతే ఆపేశాడు.

మూడోదాని మూత మీద సిగరెట్ కాలిన మచ్చ ఉంది. కామ్రేడ్ చప్పున గుర్తుపట్టాడు. పెద్దన్న గదిలో నేల మీద కూర్చుని జీవితంలో తొలి రికార్డు విన్నది దాని మీదే.

"ఇదెందుకు అమ్మేశాడు తాతా?"

"ఎవరో కొత్తది బహుమతిచ్చారట. తొందరలో ఉన్నాడు, ఖాళీ కూడా చెయ్యలేదు. నన్ను చెయ్యమంటావా?"

"వద్దు. అందులో మా మీటింగులుంటాయి."

పళ్ళెం ఊగుతోంది, డాక్టరుగారిదే మేలని తాత అన్నా వినలేదు. సరేనని తాత తిప్పాడు. ముందు నినాదాలొచ్చాయి. వాటి మధ్య కామ్రేడ్ గొంతే, ఇంకా లేతగా. టీ గ్లాసుల చప్పుడు. తర్వాత తలుపు గడియ పడింది. సెక్షన్ అంతా ఎదురుతిరిగితే ఎలా అని మేనేజరు అడుగుతున్నాడు.

"తిరగదు సార్," అంది పెద్దన్న గొంతు. "ముందు మా కామ్రేడ్‌గాడితో సంతకం పెట్టిస్తా. వాడు పెడితే మిగతా పదకొండుమందీ పెడతారు."

"వాడొప్పుకుంటాడా?"

"వ్యూహం అంటే చాలు."

ఇద్దరూ నవ్వారు. తాత కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, డాక్టరుగారిది కట్టివ్వనా బాబూ అని మెల్లగా అడిగాడు. కామ్రేడ్ దీన్నే ఇమ్మన్నాడు.

సోమవారం క్యాంటీన్ బల్ల మీద పెట్టి తిప్పితే పదకొండుమందీ దాన్ని విన్నారు. మళ్ళీ తిప్పమని ఒకడన్నాడు, అంతే. ఎవరూ సంతకం పెట్టలేదు. పెద్దన్న వచ్చి, నీకు అర్థం కాలేదు తమ్ముడూ అన్నాడు. బదులు చెబుదామంటే కామ్రేడ్‌కు నేర్చుకున్న వాక్యం ఒక్కటీ పనికిరాలేదు. కాగితం తీసుకుని తన మాటల్లో రాసి, పెట్టెలంటించే జిగురుతో నోటీసు బోర్డుకు అంటించాడు.

"పెద్దన్నకు కటింగ్ సెక్షన్ పన్నెండుమంది రాస్తున్నది. మేనేజరుకు మా పేర్లు ఏ వరసలో చెప్పారు? చెప్పేటప్పుడు ఒక్క పేరు దగ్గరైనా ఆగారా? ఆ మర్నాడు మా పక్కన కూర్చుని అన్నం ఎలా తిన్నారు? గేటు దగ్గర, అందరి ముందూ జవాబు చెప్పండి. గడువు: నవంబరు పద్నాలుగు, శుక్రవారం, మొదటి షిఫ్టు దిగేలోపు."