గుమ్మం దగ్గర ఇచ్చిన మాట

ఎన్నికలకు మూడు వారాల ముందు, వదలని వానలో, ఏవ్రిల్ హెప్‌వర్త్ మా వీధిలో ప్రతి తలుపూ తట్టింది. మా ఆల్డర్‌విక్‌లో ఆమెను ఎరగనివాళ్లు తక్కువ. ముప్పై ఏళ్లు బడి వంటశాలలో పనిచేసింది. ఇవాళ ఓటర్లయినవాళ్లలో సగం మంది ఆమె వడ్డించిన బంగాళదుంపల ముద్ద తిని పెరిగినవాళ్లే. అందుకే పార్టీవాళ్లు ఈ చుట్టుపక్కల వీధులన్నీ ఆమెకే అప్పగించారు.

ఆ ఎన్నికల్లో ఆ పార్టీ కొత్త నాయకుడు డంకన్ వేల్ చాలా చెప్పాడు. లక్షల ఇళ్లు కట్టిస్తామన్నాడు, రైళ్లు వేళకు నడిపిస్తామన్నాడు. మా ఊరి చెవికెక్కింది మాత్రం ఒక్కటే. ఏడాది తిరిగేసరికి ఆపరేషన్ కోసం ఎవరూ నాలుగు నెలలకు మించి ఎదురుచూడనక్కర్లేదట. మా ఊళ్లో ఏదో ఒక ఆపరేషన్ కోసం ఎదురుచూసే మనిషి లేని ఇల్లు లేదు.

ఏవ్రిల్ పక్కింట్లో సెడ్రిక్ పోలర్డ్ ఒంటరిగా ఉంటాడు. ఓడరేవులో క్రేన్ నడిపి రిటైరైనవాడు, డెబ్బై రెండేళ్లు. కుడి మోకాలు పూర్తిగా అరిగిపోయింది. దాన్ని మార్పించుకోవడానికి పద్నాలుగు నెలలుగా ఆసుపత్రి జాబితాలో ఉన్నాడు. ఓటు వెయ్యడం మానేసి ఇరవై ఏళ్లయింది.

"తడిసిన పిల్లిలా ఉన్నావు," అన్నాడు తలుపు తీసి. "ఆ కాగితం నాకొద్దు. పొయ్యి రాజెయ్యడానికి నా దగ్గర బోలెడున్నాయి."

"ఈసారి వేరు సెడ్రిక్. ఏడాదిలో నీ మోకాలు బాగుచేస్తారు."

"ఎవరూ, ఆ వేలా? నాకు మోకాలుందని వాడికి తెలుసా?"

"నాకు తెలుసుగా! చెయ్యకపోతే మా ఇంటికొచ్చి నన్నడుగు. పూచీ నాది."

"మీ ఇంటి మెట్లు ఎక్కగలిగితే కదా అడగడానికి!" అని నవ్వాడు. కానీ కాగితం తీసుకున్నాడు. ఎన్నికల రోజున ఓట్లు వేసే చర్చి హాలుకి కర్ర ఊతంతో నడిచాడు. ఐదు నిమిషాల దారి అతనికి ముప్పావుగంట పట్టింది. కారులో దింపుతానని ఏవ్రిల్ అంటే వద్దన్నాడు. "ఇన్నాళ్లకి వేస్తున్నా, కాళ్ల మీదే వెళ్లి వేస్తా," అన్నాడు.

వేల్ గెలిచి ప్రధాని అయ్యాడు. ఆ వారం మా వీధిలో అందరి ముఖాలూ కాస్త తేటపడ్డాయి. ఏవ్రిల్ కేకు చేసి పంచింది.

వాళ్లిద్దరి పెరళ్ల మధ్య నడుమెత్తు గోడ ఉంది. బట్టలు ఆరేసుకోవడానికి ఆమె వచ్చినప్పుడల్లా సెడ్రిక్ ఆ గోడకి ఆనుకుని పలకరించేవాడు. "ఏం ఏవ్రిల్, మీవాడు ఎక్కడిదాకా వచ్చాడు?" మొదట్లో అది ఇద్దరికీ నవ్వులాటే. ఆకులు రాలేనాటికి ప్రధాని టీవీలో కనబడి, తాము అనుకున్నదానికన్నా పరిస్థితి అధ్వానంగా ఉందనీ, ఏడాది సరిపోదనీ, ఐదేళ్లు ఓపిక పట్టాలనీ చెప్పాడు. మర్నాడు సెడ్రిక్ గోడ దగ్గరికి వచ్చాడు గానీ ఏమీ అడగలేదు. వాతావరణం గురించి మాట్లాడి లోపలికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఇంకెప్పుడూ అడగలేదు. అడిగినా బాగుండునని ఏవ్రిల్‌కి అనిపించింది.

అసలేమీ జరగలేదంటే అబద్ధం. శనివారాలు కూడా ఆపరేషన్లు మొదలుపెట్టారు. వీధి మూల కొట్టు నడిపే ఆవిడకి పదకొండు వారాల్లో కంటి శుక్లం తీసేశారు. ఆవిడ ఏవ్రిల్‌ని వీధిలోనే కావలించుకుంది. ఇలాంటివి చూస్తూ ఏవ్రిల్ వేల్‌ని దొంగ అనలేకపోయింది. సెడ్రిక్ మెట్లు ఎక్కలేక మంచాన్ని ముందుగదిలోకి దింపుకున్నాడు. అది చూస్తూ మంచివాడనీ అనలేకపోయింది.

వేల్ గెలిచిన పదహారు నెలలకు సెడ్రిక్‌కి పిలుపొచ్చింది. ఆపరేషన్‌కి ముందు చేసే పరీక్షలకి ఏవ్రిలే కారులో తీసుకెళ్లింది. బయట బల్ల మీద కూర్చుని, ఇక అయిపోయినట్టే అనుకుంది. అరగంటకి అతను బయటికొచ్చి కోటు బొత్తాలు ఒక్కొక్కటే పెట్టుకున్నాడు.

"గుండె బలహీనపడిందట. మత్తిస్తే లేవకపోవచ్చట. ఏడాది కిందటైతే చేసేవాళ్లమంది ఆ డాక్టరమ్మ. పాపం, ఆమే ఎక్కువ బాధపడింది."

"మరిప్పుడు?"

"జాబితాలోంచి పేరు తీసేశారు. మీవాడికి చెప్పు, ఒకటి తగ్గిందని."



మరుసటి వారమే ప్రధాని మా జిల్లాకి వచ్చాడు. పొరుగూళ్లో ఆపరేషన్ల కోసం కట్టిన కొత్త భవనాన్ని తెరవడానికి. పాత కార్యకర్త కాబట్టి ఏవ్రిల్‌నీ పిలిచారు. ఈ ప్రాంతంలో ఎదురుచూసేవాళ్ల జాబితా మూడు వేలు తగ్గిందని వేల్ ప్రసంగంలో చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఏవ్రిల్ చేతులు లేవలేదు. ఆ మూడు వేలల్లో సెడ్రిక్ ఉన్నాడు.

తర్వాత టీ ఇచ్చేచోట ప్రధాని వరసగా అందరితో చేతులు కలుపుతూ వచ్చాడు. దగ్గర్నుంచి చూస్తే ఆమె కొడుకు కన్నా చిన్నవాడు. కళ్ల కింద నల్లగా పడింది.

"ప్రధాని గారూ, నేను నాలుగొందల గుమ్మాలు తట్టాను," అంది ఏవ్రిల్, అతని చెయ్యి వదలకుండా. "ఏడాదిలో అవుతుందని నా నోటితో చెప్పాను. మా పక్కింటాయన నన్ను నమ్మి ఓటేశాడు. ఇప్పుడు ఆయనకి ఆపరేషన్ చెయ్యడానికే వీల్లేదంటున్నారు. ఆయన్ని కూడా మీరు ఇందాక తగ్గినవాళ్లలో లెక్కేశారు. ఆయనకేం చెప్పమంటారు?"

పక్కనున్న సహాయకురాలు ఏదో చెప్పబోయింది. వేల్ ఆమెను ఆపాడు.

"ఐదేళ్లు పడుతుందని చెప్పి ఉంటే, మీరు ఎన్ని గుమ్మాలు తట్టేవారు?" అన్నాడు మెల్లగా. అందులో వెటకారం లేదు. నిజంగానే అడుగుతున్నట్టుంది.

ఏవ్రిల్ అతని చెయ్యి వదిలేసింది.

"చెప్పిన రోజున నమ్మే చెప్పానండీ," అన్నాడు వేల్.

"నేనూ నమ్మే చెప్పాను," అందామె.

సెడ్రిక్ పేరూ చిరునామా రాయించుకుని అతను వెళ్లిపోయాడు. రెండు వారాలకు సెడ్రిక్‌కి ప్రధాని దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. మర్యాదగా రాశారు, కింద సొంత సంతకం. చాలా విచారిస్తున్నాననీ, నొప్పి తగ్గించే వైద్యం అందేలా చూడమన్నాననీ ఉంది. మోకాలి సంగతి ఏమీ లేదు.

ఒక మధ్యాహ్నం ఏవ్రిల్ వంటింటి సొరుగులో పాత కరపత్రం వెతికి తీసింది. "నాలుగు నెలల గడువు దిశగా కృషి చేస్తాం" అని ఉంది అందులో. "దిశగా". ఆ మాట అప్పుడు తను చూడకపోలేదు. గుమ్మంలో నిలబడి చెప్పేటప్పుడు అది బరువుగా ఉందని వదిలేసింది. కాగితం పట్టుకుని పక్కింటికి వెళ్లింది.

"ఇలా రాసి ఉంది సెడ్రిక్. నేనే మార్చి చెప్పాను. చేస్తారన్నాను."

అతను కాగితం వంక చూడలేదు. "నాకు చదువొచ్చు ఏవ్రిల్. ఆ రోజే చదివాను. 'దిశగా' అంటే ఏమిటో యూనియన్‌లో ముప్పై ఏళ్లున్నవాడికి నువ్వు చెప్పక్కర్లేదు."

"తెలిసే వేశావా?"

"కాగితం చూసి వెయ్యలేదు. పూచీ అన్నావుగా, అది విని వేశాను." కర్రని ఇటునుంచి అటు మార్చుకున్నాడు. "అందుకే వాడి మీద కోపం రావట్లేదు."

ఆ మాట ఏవ్రిల్‌కి సూటిగా తగిలింది. తిరిగి వెళ్లబోయింది.

"కూర్చో. నువ్వట్లా నిలబడితే నాకు మెడ నొప్పి. కెటిల్ పెట్టు," అన్నాడు. ఆమె టీ పెట్టింది. చీకటి పడేదాకా ఇద్దరూ టీవీ చూస్తూ కూర్చున్నారు.

వసంతంలో ఊరి కౌన్సిల్ ఎన్నికలొచ్చాయి. పార్టీ కార్యదర్శి ట్రూడీ కరపత్రాల కట్టలు తెచ్చి ఏవ్రిల్ ఇంటి హాల్లో పెట్టింది.

"తట్టమంటే తడతాను," అంది ఏవ్రిల్. "అవుతుందని మాత్రం చెప్పను. అయింది చెప్తాను, కానిది చెప్తాను."

"అలా చెప్తే మనకి ఎవరు ఓటేస్తారు?"

"తెలీదు ట్రూడీ. ప్రధాని కూడా నన్ను అలాంటిదే అడిగాడు."

ట్రూడీ తల అడ్డంగా ఊపింది గానీ, కట్టలు తిరిగి తీసుకెళ్లలేదు. తట్టేవాళ్లు ఇప్పుడు దొరకడం లేదు.

మొదటి మూడు గుమ్మాల్లో ఇద్దరు మొహం మీదే తలుపేశారు. నాలుగో ఇంట్లో చంటిబిడ్డని ఎత్తుకున్న జోస్లిన్ తలుపు తీసింది. ఆమెకూ బళ్లో ఏవ్రిలే వడ్డించింది.

"మా నాన్న తుంటి ఆపరేషన్‌కి ఏడాదిగా చూస్తున్నాడు. ఈ ఏడైనా అవుతుందా పెద్దమ్మా?"

"నాకు తెలీదమ్మా," అంది ఏవ్రిల్. "కానీ ఆయన గుండె ఈమధ్య ఎవరైనా చూశారా? ఆలస్యమైతే మత్తివ్వడం కుదరదంటారు. ఆసుపత్రికి ఉత్తరం రాయండి, ఇవాళే."

"ఎలా రాయాలో నాకేం తెలుసు?"

ఏవ్రిల్ కరపత్రాల సంచీ గుమ్మం బయటే దింపి లోపలికి వెళ్లింది. ఆ రోజు మిగతా వీధి తట్టనేలేదు. ఆ ఎన్నికల్లో సెడ్రిక్ ఓటు వెయ్యలేదు.