చుక్క పోకుండా కట్టిన వాల్వు

తెల్లవారకుండానే వీధి కుళాయి దగ్గర కేకలు వినబడితే మనం పెద్దగా పట్టించుకోం. బిందెల గొడవేలే అనుకుని ఇటు తిరిగి పడుకుంటాం. నౌపడ దాపున ఉన్న ఆ ఊళ్లో మాత్రం కేకలు వేసేది బిందెలు పట్టుకున్న ఆడవాళ్లు కాదు, వాచీలు చూసుకుంటున్న మగవాళ్లు.

ఉప్పుమళ్ల పక్క ఊరు. అక్కడ ఎక్కడ బావి తవ్వినా నీళ్లు నోట పెట్టలేరు. దూరాన మెట్ట మీదున్న బోరే గతి. మోటారు తోసిన నీళ్లు పొడుగాటి గొట్టంలో ఊరి మొగదాకా వస్తాయి. అక్కడ గొట్టం రెండుగా చీలి ఒకటి బజారు వీధికి, ఒకటి ఉప్పు కూలీలుండే వీధికి పోతుంది. ముందు బజారు వంతు, తరువాత ఉప్పు వీధి వంతు. మోటారు వేసి వాల్వులు తిప్పే పని పంచాయతీ నరేష్‌కి అప్పజెప్పింది.

పాత వాల్వులకు చక్రాలుండేవి. ఒకటి తిప్పి తిప్పి విప్పి, ఇంకొకటి తిప్పి తిప్పి కట్టేలోగా ఒకరి వంతులోని నీళ్లు కాసిని రెండోవాళ్లకు పోయేవి. కిరాణా కొట్టు నగరేశ్వరరావుకు ఇది కంట్లో నలుసైంది. ఆయన చెడ్డవాడు కాడు. తూకంలో గింజ తగ్గనివ్వడు, గింజ ఎక్కువ పోనివ్వడు. ఆ పట్టింపునే నీళ్ల దగ్గరకూ తెచ్చాడు. తన ఖర్చుతో లివర్ వాల్వులు పెట్టించాడు. ఒక్క లాగు లాగితే మూసుకుపోతాయి. ఒక వీధికి పూర్తిగా కట్టాకే రెండో వీధికి విప్పాలని కట్టడి కూడా చేశాడు. ఊరంతా భేష్ అంది. ఉప్పు వీధి కూడా అంది, వాళ్ల అనుమానాలు వాళ్లకూ ఉన్నాయి మరి.

అప్పటినుంచి గొట్టం పగలడం మొదలైంది. అతికిస్తే ఇంకోచోట పగిలేది. పగిలినప్పుడల్లా ఉప్పుబురద లోపలికి చేరి, బాగుచేశాక కూడా నీళ్లు నోట పెట్టనిచ్చేవి కావు. అనుమానం పెనుభూతం అన్నారు పెద్దలు. ఉప్పు వీధివాళ్లే గునపంతో పొడుస్తున్నారని బజారులో గుసగుసలు. బజారువాళ్లే ఇళ్లలో మోటార్లు బిగించి పీల్చేస్తున్నారని ఉప్పు వీధిలో రుసరుసలు. చంటిపిల్లకు పాలు కలపడానికి మంచినీళ్లు లేక నగరేశ్వరరావు కోడలు సింధూరి మామగారి ముఖం చూడటం మానేసింది. ఆయనకు కొట్లో కుదురుగా కూర్చోబుద్ధి కాలేదు.

చివరికి ఆయన అనుమానమంతా నరేష్ మీదికి పోయింది. నరేష్ ఇల్లు ఉప్పు వీధిలో ఉంది, ఇంకేం సాక్ష్యం కావాలి? అతన్ని తీసేయాలని సర్పంచి మీద ఒత్తిడి తెచ్చాడు. ఆ జీతమే పోతే నరేష్ మళ్లీ ఉప్పుమళ్లలోకి దిగాలి. ఆ పనికి కాళ్లు పుళ్లుపడి చచ్చిన తండ్రిని అతను కళ్లారా చూశాడు. మర్నాడే కొట్టు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నానేటి సేసినాను షావుకారు బాబూ? మీరు సెప్పినట్టే కడతన్నాను. అదెందుకు పగులుతాదో నాకూ తెలదు."

"రేపు నేనే కడతాను. పగలకపోతే తప్పు నీదేనని ఊరే ఒప్పుకుంటాది" అన్నాడు నగరేశ్వరరావు.

మర్నాడు పొద్దున్నే ఊరంతా వాల్వుల దగ్గర చేరింది. గొట్టం పొడుగునా రెండు వీధుల మగవాళ్లూ ఒకరినొకరు కాపలా కాస్తూ నిలబడ్డారు. సర్పంచి కబురు మీద నీటి సరఫరా ఇంజనీరు హైమవతి కూడా వచ్చింది. బజారు వంతు అయింది. నగరేశ్వరరావు పంచె ఎగగట్టి, బలమంతా పెట్టి లివర్ లాగాడు. భూమి లోపల ధనేల్‌మని మోగింది. ఆ దెబ్బకు ఆయన చెయ్యి మోచేతిదాకా జివ్వుమంది. రెండో వాల్వు మీద చెయ్యి వెయ్యకముందే గొట్టం దాటే కాలువ వైపు నుంచి అరుపులు వినిపించాయి. గొట్టం పగిలి నీళ్లు మనిషెత్తున లేస్తున్నాయి. కాపలావాళ్లంతా తడిసి ముద్దయ్యారు. గొట్టాన్ని ఎవరూ తాకలేదని ఇప్పుడు రెండు వీధులూ సాక్ష్యం.

హైమవతి లివర్ మీద చెయ్యి వేసి చూసి, నగరేశ్వరరావు వైపు తిరిగింది.

"నౌపడ స్టేషన్లో గూడ్సు బండి ఠక్కున ఆగితే పెట్టెలెలా గుద్దుకుంటాయో విన్నారు కదండీ? పరుగెత్తుకొచ్చే నీళ్లూ అంతే. రెండోది విప్పకముందే మొదటిది కట్టి మీరు రెండు దారులూ మూసేశారు. వెనక మోటారు తోస్తూనే ఉంది. ఆ దెబ్బ గొట్టం కాక ఇంకెవరు కాస్తారు?"

మళ్లీ చక్రాల వాల్వులే పెట్టాలంది. ముందు రెండో వీధికి విప్పి, ఆ తరువాతే మొదటి వీధికి నెమ్మదిగా కట్టాలంది. కరెంటు పోయి వచ్చినా వెంటనే మోటారు వేయకూడదనీ, గొట్టంలో నీళ్లు నిలకడ పడేదాకా ఆగాలనీ నరేష్‌కు వివరంగా చెప్పింది.

గుంపులోంచి ఉప్పు వీధి జగ్గమ్మ ముందుకొచ్చింది. "అలాగైతే కాసేపు రెండు వీధులకీ నీలొస్తాయి గదమ్మా. ఆ నీలు ఎవుల వంతు?"

అందరి కళ్లూ షావుకారు మీద పడ్డాయి. బజారువాళ్లలో ఒకరు, గొట్టమే నాసిరకం, ఆయన తప్పేముందని గొణిగారు. తప్పుకోవడానికి దారి దొరికింది. నగరేశ్వరరావు ఆ దారి పట్టలేదు. పగిలినచోటికి పరుగెత్తి ఒళ్లంతా బురదతో తిరిగొచ్చి పక్కన నిలబడ్డ నరేష్‌ని చూసేసరికి ఆయనకు సిగ్గు ముంచుకొచ్చింది. వెళ్లి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఎవరి వంతూ కాదు జగ్గమ్మా. అవి గొట్టం బతకడానికి పోయే నీళ్లు. నరేష్ తప్పేం లేదు. అన్నిసార్లూ దాన్ని పగలగొట్టింది నా కట్టడే. ఊరందరి ముందూ చెప్తున్నాను, పక్కవాడికి ఒక్క చుక్క ఎక్కువ పోతాదేమోనని కాపలా కాసే ఊళ్లో ఎవడి గొంతూ తడవదు."