అత్త నోట్లో పడని నిమ్మబిళ్లలు

చిలమత్తూరులో ఏ పెళ్లిలోనైనా మస్తానాబీ అరచేతిలో పప్పు చుక్క వేసుకుని నాకి, "ఊ" అంటేనే వడ్డన మొదలయ్యేది. అలాంటి మనిషికి ఇప్పుడు సంగటి ముద్ద గొంతు దిగాలంటే ముద్దకో గుక్క నీళ్లు కావాలి. నోరు ఎండిపోయింది. సరిగ్గా తినబోయే వేళకు చెవి కింద దవడ బూరెలా పొంగుతుంది. ఏది తిన్నా ఇనుప గరిటె నాకినట్టుందని ఆమె అంటుంటే, కోడలు షబీనా వంటింట్లోకి పోయి కడిగిన గిన్నెలనే మళ్లీ కడుగుతుంది.

కారణం షబీనాకు తెలుసు. ఇంకెవరికీ తెలియదనుకుంది.

మస్తానాబీకి థైరాయిడ్ క్యాన్సర్ అని తేలి, గొంతు ఆపరేషన్ అయ్యాక, మూడు నెలల కింద బెంగళూరు ఆసుపత్రిలో రేడియో అయోడిన్ మాత్ర ఇచ్చారు. ఒంట్లోంచి రేడియేషన్ వస్తుంది గనుక అది మింగినవాళ్లు మూడు రోజులు ఒంటరి గదిలో ఉండాలి. ముందురోజు నర్సు షబీనా చేతికి ఒక పొట్లం నిమ్మబిళ్లలు ఇచ్చింది.

"మాత్ర వేసుకున్న మర్నాటి నుంచి ఇవి చప్పరించమనండి, నీళ్లు బాగా తాగమనండి. ఆ మందు లాలాజల గ్రంథుల్లోకి కూడా చేరుతుంది. నోరు ఊరుతుంటే కొంత బయటికి పోతుంది, లేకపోతే గ్రంథులు వాచి దెబ్బతింటాయి."

షబీనా బీఎస్సీ, జువాలజీ. చెప్పిందంతా అర్థమైంది. అర్థం కాకపోయి ఉంటే ఇప్పుడు ఎంత సుఖంగా ఉండేది!

కానీ ఆరేళ్ల కింద షబీనాకు కూతురు పుట్టినప్పుడు, మస్తానాబీ నలభై రోజులు పథ్యం పెట్టింది. వేడన్నం, నెయ్యి, వెల్లుల్లి కారం. చింతపండు పేరెత్తనీయలేదు. షబీనా దొంగతనంగా నోట్లో వేసుకున్న ఒక్క మామిడి ముక్కను దోసిలి పట్టి మరీ ఉమ్మించింది. ఒంటరి గదికి అత్త సంచి సర్దుతుంటే ఆ ముక్క గుర్తొచ్చింది. షబీనా పొట్లం తీసి తన చేతిసంచిలో వేసుకుంది.

మాత్ర మింగిన మర్నాడు గదిలోంచి అత్త ఫోన్.

"ఏమే, నర్సమ్మ పుల్లని బిళ్లలు తినమంటాంది. యాడ పెట్టినావు?"

"పులుపా అత్తా? కోసిన గొంతు. చీము పట్టదూ?"

ఆ చీము మాట అక్షరాలా పథ్యం రోజుల్లో మస్తానాబీ అన్నదే. "అదీ నిజమేలే" అని ఫోన్ పెట్టేసింది.

ఒక్కరోజు ఆట పట్టించి మర్నాడు పంపిద్దామనుకుంది షబీనా. లాడ్జిలో టీవీ చూస్తూ ఒక్కొక్కటే చప్పరించింది. మర్నాటికి రెండే మిగిలాయి. రెండు పంపితే ఏం బాగుంటుందని అవీ తినేసింది.

ఈరోజు మళ్లీ బెంగళూరు ఆసుపత్రికి వస్తే, అప్పుడు మాత్ర ఇచ్చిన డాక్టరే. మస్తానాబీ చెవి కింద నొక్కి చూసి అడిగాడు. "అప్పుడు నిమ్మబిళ్లలు చప్పరించినారా అమ్మా?"

షబీనా నోరు ఎండిపోయింది. జవాబు మాత్రం మస్తానాబీదే.

"తిన్నా సార్. పొట్లమంతా తిన్నా. మా కోడలు ఫోన్ చేసి చేసి తినిపిచ్చింది."

"అయితే మీ తప్పేం లేదు. కొందరికి తిన్నా వస్తుంది." రోజూ దవడ మర్దన చేయాలనీ, పుల్లనివి చప్పరిస్తుండాలనీ చెప్పాడు. తగ్గుతుందా అంటే, చూద్దామన్నాడు.

కొందరికి తిన్నా వస్తుంది. ఆ ఒక్క మాట కోసం షబీనా మూడు నెలలుగా కాచుకుంది. తీరా వస్తే, అబద్ధానికి జవాబుగా వచ్చింది. దాన్నేం చేసుకోవాలి?

తిరుగు బస్సు బాగేపల్లి దాటింది. "అత్తా, ఆ బిళ్లలు నేనే తిన్నా."

"తెలుసు. ఇంటికొచ్చినాక నీ సంచి దులిపితే కాయితాలు రాలినాయి."

"మళ్ల డాక్టరు ముందర ఎందుకట్ల చెప్పినావు?"

"నా కోడలు సదువుకున్నాదని పోయినసారి ఆయప్పకు గొప్పగా చెప్పుంటి. నా మాట ఏం గావల్ల?"

"నన్ను తిట్టు అత్తా."

"తిట్టేదానికి నోట్లో తడి ఉండొద్దా?"

షబీనాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు ఇంకా సిగ్గేసింది. మస్తానాబీ కిటికీలోంచి ఎండిన వేరుశనగ చేలను చూస్తోంది.

"ఆ పొద్దు మామిడి ముక్క ఉమ్మిస్తిని గదా. నువ్వు చూసిన చూపు నాకింకా గ్యాపకముండాది." అంతే. క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు.

షబీనా ఆసుపత్రి దగ్గర కొన్న పొట్లం విప్పి, ఒక బిళ్ల అత్త నోట్లో పెట్టింది. చూస్తుండగానే దవడ పొంగింది. డాక్టరు చూపించినట్టు చెవి కింద రెండు వేళ్లు ఆనించి, ముందుకు నెమ్మదిగా నిమిరింది.

"నొప్పా అత్తా?"

"ఊ."

"ఆపాల్నా?"

"ఆపొద్దు."

"పుల్లగా ఉందా?"

మస్తానాబీ కళ్లు మూసుకుని, పెళ్లి పప్పు రుచి చూస్తున్నట్టు చాలాసేపు చప్పరించింది.

"ఇనుమే."

షబీనా వేళ్లు తీయలేదు. కొడికొండ చెక్‌పోస్టు వచ్చేదాకా నిమురుతూనే ఉంది.