అత్త బుట్ట, కోడలి బుట్ట

మా పీతల షెడ్డులో రెండు బుట్టలుండేవి. నీలం బుట్టలో పచ్చి పీతలు, తెల్ల బుట్టలో ఉడికినవి. పచ్చి పీతల నీళ్లు ఉడికినవాటికి అంటితే ఇక ఉడకబెట్టీ దండగే. అందుకే నాన్న తెల్లదాన్ని అత్త అనీ, నీలందాన్ని కోడలు అనీ పిలిచేవాడు. రెండూ కలిస్తే కొంప కొల్లేరేనని ఆయన వేళాకోళం. ఆ బుట్టల బాధ్యత నాది.

నాన్నకి లివరు దెబ్బతింది. పీతలు బాగా ఉడికించినవైతే తినొచ్చుగానీ, కాస్త కలుషితమైనది కడుపులోకి వెళ్లినా ప్రాణం మీదికొస్తుందని డాక్టరు మొహం మీదే చెప్పాడు.

తుఫానుకి షెడ్డు రేకులు లేచిపోయాయి. కరెంటు పోయింది. మురుగు కాలువ పొంగి మేం పీతలు పట్టే పాయలో కలిసింది. నీళ్ల పరీక్షాయన వచ్చి సీసాలో నీళ్లు పట్టుకున్నాడు. రిపోర్టు వచ్చేదాకా పీతలు పట్టొద్దు, అమ్మొద్దు అని తలుపుకి కాగితం అంటించి వెళ్లాడు.

అన్నయ్య పాయలో పీతలకి పెట్టిన బోనులు తెచ్చుకుంటానని వెళ్లి, వాటిలో పడ్డ పీతలతో సహా తెచ్చాడు.

"పట్టొద్దన్నాడు కదా అన్నయ్యా!"

"నేనెక్కడ పట్టాను? అవే వచ్చి కూర్చున్నాయి. అయినా అమ్మొద్దన్నాడుగానీ, తినొద్దన్నాడా?"

వదిన ఒక్కో పీత కంటిని పుల్లతో తాకింది. కన్ను ముడిస్తే పీత బతికున్నట్టు. ముడవకపోతే అవతల పారేస్తాం. అన్నీ ముడిచాయి.

"నిక్షేపంలా ఉన్నాయి," అంది.

బతికున్న పీత మంచి పీత అని మా లెక్క. అది ఏ నీళ్లలో బతికిందో కన్ను చెప్పదని మా బుర్రలకి తట్టలేదు. రెండు రోజులుగా బిస్కెట్లే తింటున్నాం. ఆకలి రుచెరగదంటారు, శుభ్రమూ ఎరగదు.

పీతలు ఉడికాయి. తెల్ల బుట్ట ఎక్కడా కనబడలేదు. ట్యాంకులో నీళ్లు అడుగంటాయి. నీలం బుట్టనే నాలుగు దులుపులు దులిపి, ఉడికినవి అందులో పోశాను.

"ఇవాళ్టికి అత్తాకోడళ్లు రాజీపడ్డార్లే," అన్నాను. వదిన పకపకా నవ్వింది.

నాన్న పళ్లెం ముందు కూర్చుని, "అత్త బుట్టేనా అమ్మా?" అని అడిగాడు.

నాకసలే ముక్కు మీద కోపం. పొద్దుటినుంచీ బురద ఎత్తిపోసి నడుం పడిపోయింది.

"అత్త బుట్టే! నమ్మకం లేకపోతే తినకు!" అని ఇంతెత్తున లేచాను.

ఆయన పళ్లెం దగ్గరికి లాక్కుని తిన్నాడు.

మాకు ఒకరోజు కడుపులు కదిలి ఊరుకున్నాయి. ఆయనకి మాత్రం జ్వరం మండిపోయింది, కాళ్ల మీద బొబ్బలు లేచాయి. ఆసుపత్రిలో ఏం తిన్నాడని అడిగితే ఉడికించిన పీతలని చెప్పాను. రాసుకున్నారు. బుట్ట సంగతి ఎవరూ అడగలేదు. మూడు రోజులు ఆయనకి స్పృహ లేదు.

నాలుగో రోజు పొద్దున నాన్న కళ్లు తెరిచాడు. నేను ఆగలేకపోయాను.

"నాన్నా, అది అత్త బుట్ట కాదు. కోడలి బుట్టలోనే పోశాను. నీకు అబద్ధం చెప్పాను."

ఆయన నా వైపు తల తిప్పాడు.

"తెల్ల బుట్ట పాయలో కొట్టుకుపోవడం నేను చూశానే," అన్నాడు.

"చూశావా? మరి ఎందుకు తిన్నావు నాన్నా?"

"అత్త బుట్టే అన్నావుగా. మళ్లీ దొరికిందేమో అనుకున్నా."